అరవై ఎనిమిదేళ్లకు రొమ్ము తీయించుకున్నాక: నా పదకొండు వారాలు

2025 జూన్ 14, శనివారం. తలంటుకుంటుంటే సబ్బు చెయ్యి ఎడమ రొమ్ము మీద ఒకచోట ఆగింది. లోపల కుంకుడు గింజలా గట్టిగా ఏదో తగిలింది. నొప్పి లేదు. అద్దం ముందు నిలబడి చూస్తే చనుమొన కొంచెం లోపలికి లాగినట్టుంది. ఎప్పటి నుంచి అలా ఉందో నాకే తెలియదు. అరవై దాటాక బొట్టు పెట్టుకోవడానికి తప్ప అద్దంలోకి ఎవరు చూస్తారు?

ఐదు రోజులు ఎవరికీ చెప్పలేదు. రెండో విడత మాగాయ ఎండలో ఉంది, అది జాడీకెక్కాక చూద్దాంలే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. 19న హైదరాబాదులో ఉన్న కోడలికి ఫోన్ చేసి చెప్పాను. "అత్తయ్యా, మాగాయ సంగతి మామయ్యగారు చూసుకుంటారు, నేను రాత్రి బస్సెక్కుతున్నాను" అంది. మేం ఉండేది తెనాలి. తెల్లారి దిగి, కాఫీ కూడా తాగకుండా నన్ను గుంటూరు తీసుకెళ్లింది.

20న మామోగ్రాం, స్కానింగ్. రొమ్మును రెండు పలకల మధ్య అప్పడంలా నొక్కుతారు, నిమిషం కూడా పట్టదు కానీ ఆ నిమిషం గట్టిదే. 21న సూది పరీక్ష. మత్తు ఇచ్చి, స్టాప్లర్ కొట్టినట్టు టక్కుమంటూ ఐదుసార్లు ముక్క తీశారు. 26న రిపోర్టు వచ్చింది, క్యాన్సరే. ఏ రకమో, ఏ మందుకు లొంగుతుందో చెప్పే ఇంకో రిపోర్టు జూలై 2న వచ్చింది. నన్నడిగితే ఆపరేషన్ కంటే ఆ పన్నెండు రోజులే కష్టం. రాత్రి రెండింటికి లేచి ఫ్రిజ్ తుడిచిన రోజులున్నాయి.

సర్జన్ గారు నిదానంగా చెప్పారు. గడ్డ రెండున్నర సెంటీమీటర్ల లోపే ఉంది, కానీ సరిగ్గా మొన వెనకాల ఉంది. గడ్డ వరకే తీసి రొమ్ము ఉంచవచ్చు, అప్పుడు రేడియేషన్ తప్పదు, మూడు వారాలు రోజూ రావాలి. లేదా మొత్తం తీసేయవచ్చు. "మీ ఇష్టమమ్మా, ఇంటికెళ్లి ఆలోచించుకుని చెప్పండి" అన్నారు. నేను ఆలోచించలేదు. కుర్చీలో కూర్చునే "ఈ వయసులో అదుంటే ఎంత, లేకపోతే ఎంత, తీసేయండి" అనేశాను. ఆ మాట ఆ తర్వాత నాతో కనీసం పదిమంది అన్నారు. మొదట అన్నది మాత్రం నేనే.

మిగిలిన పరీక్షలు, మత్తు డాక్టరు దగ్గర ఫిట్‌నెస్, గుండె స్కాను అన్నీ రెండు రోజుల్లో అయ్యాయి. నాకు బీపీ, షుగర్ ఉన్నాయి. రక్తం పలచబడే మాత్ర ఐదు రోజుల ముందు ఆపమన్నారు. ఆపరేషన్‌కు ముందు ఖర్చు అప్పటికే 20,000 అయింది.

జూలై 8 సాయంత్రం చేరాను, 9 బుధవారం పొద్దున ఆపరేషన్. గాజులు తీయించారు. మట్టిగాజులు రావు కదా, సబ్బు రాసినా రాలేదు, నర్సమ్మ గుడ్డ చుట్టి మెల్లగా చిట్లగొట్టింది. మావారు ఆ ముక్కలు ఏరి కాగితంలో పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నారు. ఎందుకని అడిగితే "ఎవరికైనా గుచ్చుకుంటాయని" అన్నారు. యాభై ఏళ్ల కాపురంలో ఆయన చేతులు వణకడం అప్పుడే చూశాను.

మెలకువ వచ్చేసరికి గొంతు మంట, విపరీతమైన చలి. ఛాతీ మీద నొప్పి అనుకున్నంత లేదు, ఎవరో బిగుతుగా పట్టీ కట్టి దాని మీద ఇటుక పెట్టినట్టు ఉంది. కుడి చెయ్యి దానంతటదే ఎడమ పక్కకు వెళ్లింది. కట్టు తగిలింది. చదునుగా ఉంది. చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను.

మర్నాడు పొద్దున కోడలు మూత్రం సంచీ చూసి కేక పెట్టినంత పని చేసింది. సంచీలో నెమలి మెడ రంగు నీళ్లు! డ్యూటీ డాక్టరమ్మ నవ్వి, ఆపరేషన్‌లో నీలిరంగు మందు ఎక్కిస్తామనీ, అది ఇలా బయటికి పోతుందనీ, ఒకటి రెండు రోజులు అంతేననీ చెప్పింది. చంకలో మొదటి లింఫ్ గ్రంథి ఏదో ఆ రంగును బట్టి కనిపెట్టి, దానికి జబ్బు పాకలేదని తేలితే మిగతావి ముట్టుకోరట. నాకు రంగు సరిగ్గా పాకలేదు, పెద్దవయసు వాళ్లలో కొందరికి అలా అవుతుందట. అందుకని చంకలో గ్రంథులు తీసేయాల్సి వచ్చింది. ఆ ఒక్క సంగతి వల్ల నా తర్వాతి రెండు నెలలు మారిపోయాయని అప్పుడు తెలియదు.

గ్రంథులు తీసిన చేతికి ఇక జీవితాంతం సూదులు, బీపీ పట్టీ వద్దన్నారు, వాపు వచ్చే ప్రమాదం ఉందని. చెప్పింది వాళ్లే, ఆ రాత్రి డ్యూటీ మారగానే ఎడమ చేతికే బీపీ పట్టీ చుట్టబోయిందీ వాళ్లే. రెండోసారి కూడా అలాగే జరిగాక మావారు తెల్ల ప్లాస్టరు ముక్క అడిగి తీసుకుని, స్కెచ్ పెన్నుతో "ఈ చేతికి వద్దు" అని రాసి నా మోచేతి పైన అంటించారు. ఇప్పటికీ రక్త పరీక్షకు వెళ్లినప్పుడల్లా కుర్చీలో కూర్చోకముందే నేను కుడి చెయ్యి చాపేస్తాను.

12న డిశ్చార్జి. డాక్టరు పొద్దున తొమ్మిదిన్నరకే సంతకం పెట్టారు. ఇన్సూరెన్స్ వాళ్ల అప్రూవల్ వచ్చేసరికి సాయంత్రం ఐదు. మొత్తం బిల్లు 1,92,000. గ్లౌజులు, డ్రేపులు (ఆపరేషన్‌లో ఒంటి మీద కప్పే గుడ్డలు) అంటూ 11,600 తాము ఇచ్చేది లేదన్నారు ఇన్సూరెన్స్ వాళ్లు. మా అబ్బాయి కంపెనీ పాలసీలో తల్లిదండ్రులకు మిగతా దాంట్లో 20 శాతం మనం పెట్టుకోవాలట, అది 36,080. అంటే చేతి నుంచి 47,680. ఒక మంచి సంగతి, చేరకముందు 30 రోజులు, ఇంటికొచ్చాక 60 రోజుల ఖర్చు కూడా మా పాలసీలో అడగవచ్చని కోడలు చదివి కనిపెట్టింది. బిల్లులన్నీ నేను మాగాయ జాడీ పక్కన డబ్బాలో వేసి ఉంచాను కాబట్టి సరిపోయింది.

కారులో వచ్చేటప్పుడు సీటు బెల్టుకీ ఛాతీకీ మధ్య చిన్న దిండు పెట్టుకున్నాను. గుంటూరు నుంచి తెనాలి గంట కూడా పట్టదు. ఆ రోజు ప్రతి గుంతా నన్ను పేరు పెట్టి పిలిచింది.

ఇక డ్రెయిన్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఇంటికొచ్చాక మన బతుకంతా దాని చుట్టూనే. పక్కటెముకల దగ్గర నుంచి రెండు సన్నటి గొట్టాలు బయటికొస్తాయి, అవి ఒక ప్లాస్టిక్ డబ్బాలో కలుస్తాయి. ఆ డబ్బాను హార్మోనియం తిత్తిలా నొక్కి మూత పెడితే, మెల్లగా విచ్చుకుంటూ లోపలి నీరు లాగుతుంది. పొద్దున, సాయంత్రం దాన్ని ఖాళీ చేసి, ఎన్ని ఎం.ఎల్. వచ్చిందో రాసి పెట్టాలి. వరుసగా రెండు రోజులు 30 లోపు వస్తేనే తీస్తారు. గొట్టంలో గడ్డకట్టకుండా వేళ్లతో పై నుంచి కిందికి పితకాలి. ఇది కోడలు చేస్తుందనుకున్నాను. మావారు చేతులు కడుక్కుని వచ్చి "నాకు చూపించమ్మా" అన్నారు కోడలితో. ఆయన బియ్యం మిల్లులో ముప్ఫై ఏళ్లు గుమాస్తా. కొలత, లెక్క ఆయన పని.

ఆ లెక్క కోసం కొత్త పుస్తకం కొనలేదు, పాల పుస్తకంలోనే రాశారు. ఎడమ పక్క పాలు, కుడి పక్క నేను. మొదటి రోజు 140, తర్వాత 110, 95, 70, 60... రంగు కూడా రాసేవారు. మొదట ఎరుపు, తర్వాత డికాక్షన్, ఆ తర్వాత ఆముదం. నెలాఖరున పాలబ్బాయి పుస్తకం చూసి "బాబాయిగారూ, ఈ ఆముదం ఏంటండీ, నేను పోయలేదే" అన్నాడు. ఆపరేషన్ అయ్యాక నేను మొదటిసారి నవ్వింది అప్పుడే. కుట్ల చోట లాగి కన్నీళ్లు వచ్చాయి.

డబ్బా ఎక్కడ పెట్టుకోవాలన్నది ఎవరూ చెప్పరు. మంచం దిగగానే అది కింద పడి గొట్టం లాగితే ప్రాణం పోతుంది. కోడలు నా పాత నేత చీర చింపి తాడున్న సంచీ కుట్టింది, దాన్ని లంగా బొందుకు కట్టుకునేదాన్ని. ముందు గుండీలున్న నైటీలు నాలుగు ముందే కొనుక్కోండి, తల మీదుగా వేసుకునేవి నెలన్నర దాకా పనికిరావు. నొప్పి మాత్రలకు మలబద్ధకం వచ్చింది. గాయం కన్నా అదే ఎక్కువ ఏడిపించింది, చెప్పుకోవడానికి సిగ్గుపడి మూడు రోజులు ఓర్చుకున్నాను. మొదటి రోజే సిరప్ అడిగి ఉంటే సరిపోయేది. పడుకోవడం వెల్లకిలానే, రెండు దిళ్లు తల కింద, ఒకటి చేతి కింద. పదిహేను రోజులు తలస్నానం లేదు. తెనాలి ఉక్కలో అది శిక్షే. పదో రోజున మా చెల్లెలు వచ్చి, నన్ను మంచం మీద అడ్డంగా పడుకోబెట్టి, తల అంచున వేలాడదీసి, కింద బేసిన్ పెట్టి కుంకుడుకాయ రసంతో తల రుద్దింది. ఏ స్వర్గమూ దానికి సాటి రాదు.

ఆ చెల్లెలే పథ్యం దగ్గర నన్ను సాధించింది. వంకాయ వద్దు, గోంగూర వద్దు, దోసకాయ చీము పడుతుంది, పప్పు అసలే వద్దు. డాక్టరు గారేమో పప్పు, గుడ్డు, పెరుగు బాగా తినమన్నారు, మానాలంటే అదే కావాలన్నారు. "డాక్టర్లకేం తెలుసే" అంటూ వెల్లుల్లి కారం, బీరకాయ కూర పెట్టేది. ఆవిడ మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు మావారు వంటింట్లోంచి ముద్దపప్పు తెచ్చి పెట్టేవారు.

14న కట్టు విప్పి చిన్నది వేశారు. అప్పుడు చూశాను. రొమ్ము ఎముక దగ్గర నుంచి చంక దాకా ఒక వంకర గీత, దాని మీద వరసగా పిన్నులు, కోటుకు కుట్టిన జిప్పులా. భయంకరంగా ఏమీ లేదు. నాకు అనిపించింది ఒక్కటే, అక్కడ పక్కటెముకలు కనిపిస్తున్నాయేమిటి అని. చిన్నప్పుడు ఉండేవి అలా. ఏడుపు రాలేదు. ఏడుపు వారం తర్వాత వచ్చింది, ఉతికిన జాకెట్లు మడతపెడుతుంటే. రెండు పక్కలా సమంగా కుట్టిన ముప్ఫై జాకెట్లు. "ఈ వయసులో" అన్న మాట నా నోటి నుంచే వచ్చిందని అప్పుడు గుర్తొచ్చి మరీ ఏడ్చాను. పిల్లలకి పాలిచ్చిందీ, జ్వరంలో మనవడు తల ఆనించి పడుకున్నదీ అదే కదా, దానికి వయసేమిటి?

19న తీసిన ముక్క రిపోర్టు వచ్చింది. గడ్డ 2.4 సెంటీమీటర్లు, చంకలో తీసిన 14 గ్రంథుల్లోనూ జబ్బు లేదు. హార్మోన్లకు పెరిగే రకం. కీమో వద్దు, రేడియేషన్ వద్దు, ఐదేళ్లు రోజుకో లెట్రోజోల్ మాత్ర, అంటే ఆ హార్మోన్‌ను తగ్గించేది, అన్నారు. దానికి ఎముకలు పలచబడతాయి కాబట్టి ఎముకల స్కాను తీసి కాల్షియం రాశారు. మంచి రిపోర్టే. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఆ 14 ఊరికే పోయాయి కదా అని. మనిషి మనసుకు తృప్తి ఉండదు.

24న, అంటే పదిహేనో రోజున, డ్రెయిన్ తీశారు. 28, 24 వచ్చాయి ఆ ముందు రెండు రోజులు. "ఊపిరి గట్టిగా వదలండి" అన్నారు, లోపల పాము జారినట్టు జారి వచ్చేసింది. అది ఇంత పొడుగుంటుందని అనుకోలేదు, మూర పైనే ఉంది. అదే రోజు పిన్నులు 23 తీశారు. ఇంటికొచ్చి ఆయన పాల పుస్తకంలో గీత గీసి కింద "సరి" అని రాశారు.

సరి కాలేదు. నాలుగు రోజులకు ఆ చోటు ఉబ్బింది. నడుస్తుంటే లోపల కొబ్బరిబోండాంలో నీళ్లు కదిలినట్టు చప్పుడు, నాకే వినపడేది. భయపడి చచ్చాను. 29న వెళితే సిరంజితో 80 ఎం.ఎల్. లాగారు, ఆగస్టు 2న ఇంకో 40. చర్మం మొద్దుబారి ఉండటం వల్ల సూది తెలియనే లేదు. ఇది చాలామందికి వచ్చేదేనట. అదే మాట డిశ్చార్జి రోజున చెబితే ఏం పోయింది?

మొద్దుబారడం గురించి కూడా ఎవరూ చెప్పలేదు. చంక కింద, దండచేయి లోపలి పక్క నాది కానట్టే ఉంటుంది. ఒక సాయంత్రం చూస్తే అక్కడ దోమ కూర్చుని, పొట్ట ఎర్రగా ఉబ్బేదాకా తాగుతోంది, నాకు తెలియదు. దీనికి తోడు లేని మొనకు దురద పెడుతుంది. గోకుదామంటే అక్కడేం లేదు. మొదటిసారి వచ్చినప్పుడు మతి పోతోందేమో అనుకున్నాను. డాక్టరు గారు నరాలకు ఇంకా తెలియదమ్మా అన్నారు.

మూడో వారంలో చంక నుంచి మోచేతి దాకా చర్మం కింద ఒక తీగ లేచింది. చెయ్యి చాపితే వీణ తీగ బిగించినట్టు బిగుసుకునేది. ఫిజియోథెరపీ అమ్మాయి, ఇరవై ఐదేళ్లు ఉంటాయేమో, దాన్ని బొటనవేలితో మెల్లగా సాగదీస్తూ రోజుకు మూడుసార్లు చేయమని వ్యాయామాలు చూపించింది. సిట్టింగుకు 400 చొప్పున ఆరుసార్లు వెళ్లాను. ఇంట్లో గోడకు ఎదురుగా నిలబడి, వేళ్లతో చీమలా పైకి పాకడం. ఎంత ఎత్తు వచ్చిందో పెన్సిలుతో గీత పెట్టి తేదీ వేయమంది. నేను ఎంచుకున్న గోడ మీద అప్పటికే మనవడి ఎత్తు గీతలున్నాయి. మొదటి రోజు నా వేళ్లు వాడి మూడేళ్ల నాటి గీత దగ్గర ఆగిపోయాయి.

ఆగస్టు 8 వరలక్ష్మీ వ్రతం. చేయొద్దన్నారు ఇంట్లో, నేనే పట్టుబట్టాను. ఆ రోజు తెలిసింది అసలు చిక్కు. పైట ఎడమ భుజం మీదే కదా, ఏమీ కనపడదు అనుకున్నాను. లోపల ఎత్తు లేకపోతే పైట నిలబడదు, జారుతుంది. దీపం వెలిగించడానికి వంగితే జారింది, వాయనం ఇవ్వడానికి వంగితే జారింది. ఎదురింటావిడ చూడనట్టే చూసి, "మన వయసుకు ఇంకేం పనిలెండి పిన్నిగారూ, ప్రాణం దక్కింది, అదే పదివేలు" అంది. ఆవిడ మంచిదే, మనసులో ఏమీ లేదు. శనగలు కొంచెం తక్కువ పోశాను.

మర్నాడే కుట్టుపని అమ్మ దగ్గరికి వెళ్లాను, ఇరవై ఏళ్లుగా నా జాకెట్లు ఆవిడే కుడుతుంది. గుమ్మంలో నిలబడి విషయం చెప్పాను. ఆవిడ అయ్యో అనలేదు, టేపు తీసి కొలిచింది, మళ్లీ కొలిచింది. ఎడమ పక్క లోపల మల్లు గుడ్డతో జేబు, మెడ ఆ పక్క ఒక వేలు పైకి, చేతులు వదులు. మొదట ఆ జేబులో దూది పెట్టాను. తేలిగ్గా ఉండి జాకెట్టుతో పాటు పైకెక్కి మెడ కింద కూర్చునేది. తర్వాత గుడ్డ సంచీలో దూదితో పాటు రెండు గుప్పెళ్ల ఆవాలు పోసి కుట్టాను. బరువుకు కిందికి నిలబడింది, పైట ఆగింది. గాయం పూర్తిగా మానాక, ఎనిమిదో వారంలో, సిలికాన్‌తో చేసిన కృత్రిమ రొమ్ము 6,500 పెట్టి కొన్నాం. చూడ్డానికి అదే బాగుంటుంది, కానీ ఎండపూట చెమట. ఇంట్లో ఆవాలు, పెళ్లిళ్లకు సిలికాన్.

బరువు విషయం చెప్పడం మర్చిపోయాను. ఒక పక్క తేలికైతే భుజం మెల్లగా ఎగబాకుతుంది, మెడ నొప్పి వస్తుంది. నాకు నెల దాకా మెడ నొప్పి దిండు వల్ల అనుకున్నాను. అందం కోసమని కాదు, ఆ పక్క బరువు పెట్టుకోవడం అందుకోసమైనా చేయాలి.

ఈ రోజు సెప్టెంబరు 24. మాత్ర మొదలుపెట్టి రెండు నెలలు, పొద్దున లేవగానే వేళ్ల కణుపులు బిగుసుకుని ఉంటున్నాయి, కాఫీ గ్లాసు వేడికి సర్దుకుంటాయి. ఎడమ చేత్తో బిందె ఎత్తడం లేదు, గాజులు ఆ చేతికి వదులువి రెండే వేసుకుంటున్నాను. జడ నేనే వేసుకోగలిగింది ఆగస్టు 19న. దండెం మీద చీర ఆరవేయగలిగింది ఈ నెల 6న, అదీ కుడి చెయ్యి సాయంతోనే. వచ్చే చెకప్ అక్టోబరు 9.

గోడ మీద నా గీత ఇప్పుడు మనవడి ఎత్తు దాటి, తలుపు గడియ దాటి వెళ్లింది. కుడి చేతి గీత దానికి ఇంకా జానెడు పైన ఉంది.